ఆ తెర మీద ఎవరూ చావరు

సిమ్యులేషన్‌లో పాసైంది కాబట్టి రోడ్డు భద్రమే అనే మాటను ఇక ఒప్పుకోకూడదు. కంప్యూటర్ తెర మీద రంగురంగుల బండ్లను నడిపించి, ఆలస్యం ఇన్ని సెకన్లు తగ్గిందని, ప్రమాదమేమీ లేదని నివేదిక రాసి సంతకం పెట్టడం జనం ప్రాణాలతో చెలగాటం.

ఆ తెర మీద జరిగేదేమిటో తెలుసుకోండి. బాగా వాడుకలో ఉన్న ట్రాఫిక్ సిమ్యులేషన్ ప్రోగ్రాం విస్సిమ్ జర్మనీది. అందులో ఒక బండి ముందు బండిని ఎలా అనుసరిస్తుందో చెప్పే సూత్రం 1974లో వీడెమాన్ అనే పరిశోధకుడు అక్కడి కార్ల్స్‌రూ నగరంలో తయారు చేసింది. వరసలో దూరం పాటిస్తూ పోయే డ్రైవరే దానికి ఆధారం. గుద్దకుండా ఉండేలాగే అతన్ని రాశారు. రెండు దారులు అడ్డంగా కలిసేచోట ఎవరు ఆగాలో మనం చెప్పకపోతే, ఒక కారు ఇంకో కారులోంచి దూరి అవతలికి పోతుంది. చిన్న గీత కూడా పడదు. జర్మనీ నుంచే వచ్చిన ఉచిత ప్రోగ్రాం సుమోలో, సెట్టింగులు మార్చకుండా నడిపితే, గుద్దిన బండి అక్కడ మాయమై ముందు రోడ్డులో తేలుతుంది. ఇవి ట్రాఫిక్ ఎంత నిలుస్తుందో, సిగ్నల్ ఎంతసేపు ఇవ్వాలో లెక్కగట్టడానికి పుట్టిన పనిముట్లు. చావును కొలవడానికి కాదు.

కొలిచే ప్రయత్నం జరగలేదని కాదు. అమెరికా ఫెడరల్ హైవే శాఖ 2008లో తెచ్చిన పద్ధతి, ఇలాగే పోతే 1.5 సెకన్లలోపు గుద్దుకుంటాయనిపించే సందర్భాలను సిమ్యులేషన్‌లోంచి ఏరి లెక్కపెడుతుంది. ఆలోచన గొప్పది. మన జాతీయ రహదారి మీద ఒక చోటును బ్లాక్ స్పాట్ అనాలంటే 500 మీటర్లలో మూడేళ్లలో పది మంది చనిపోవాలి, లేదా ప్రాణం తీసినవో తీవ్రంగా గాయపరిచినవో ఐదు ప్రమాదాలు జరగాలి. శవాలతో కొలిచే ఈ లెక్క కంటే ముందే హెచ్చరించే సిమ్యులేషన్ ఎంతో మేలు. నా కోపమంతా అందుకే. ప్రాణాలు కాపాడగల పనిముట్టును ఫైలు కదలడానికి వాడుతున్నారు.

మన కూడలి చూడండి. బస్టాపు ముందు షేర్ ఆటో అడ్డంగా ఆగుతుంది. వెనకున్న బైకు చటుక్కున కుడికి కొడుతుంది. యూటర్న్ దూరమని ఇంకో బైకు డివైడర్ పక్కనే రాంగ్ రూట్‌లో ఎదురొస్తుంది. కూరగాయల సంచితో ఒకామె చెయ్యి అడ్డం పెట్టి దాటుతుంది. వరసలో పోయే కార్ల సూత్రంలో వీళ్లెవరూ లేరు. మనం కొలిచి ఎక్కిస్తేనే ఉంటారు. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల వాళ్లు, 19 మందికి పైగా నడిచేవాళ్లు. ఎక్కువగా చచ్చేవాళ్లను వదిలేసి చేసిన లెక్క భద్రతా లెక్క ఎలా అవుతుంది?

హైదరాబాద్ బయోడైవర్సిటీ ఫ్లైఓవర్‌ను 2019 నవంబరు 4న తెరిచారు. అదే నెల 23న, 40 పరిమితి ఉన్నచోట 100 దాటిన వేగంతో వచ్చిన కారు వంపులో గోడ దాటి కింద పడింది. రోడ్డు పక్కన నిలబడ్డ ఒక మహిళ చనిపోయింది. ఆ తర్వాతే ఫ్లైఓవర్ మూసి, భద్రతా ఏర్పాట్లు చేసి, జనవరిలో మళ్లీ తెరిచారు. ఆ వంపును విస్సిమ్‌లో గీసి వేగం 40 అని కొట్టండి, 100 అని కొట్టండి, కారు పడదు. గీసిన దారి వదిలి బండి బయటికి పోవడమన్నది అందులో లేనే లేదు.

మన ట్రాఫిక్‌ను లెక్కలోకి తేలేమనే సాకు కూడా చెల్లదు. కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ సీఆర్‌ఆర్‌ఐ నాయకత్వంలో మన రోడ్ల మీదే కొలిచి తయారు చేసిన రహదారి సామర్థ్య మాన్యువల్ ఇండో-హెచ్‌సీఎమ్ 2017లోనే వచ్చింది. కూడలిలో కెమెరా పెట్టి, పగలూ రాత్రీ రికార్డు చేసి, నిజంగా వెంట్రుకవాసిలో తప్పిన గుద్దుళ్లను తెర మీది లెక్కతో సరిపోల్చడం ఏ ఇంజనీరింగ్ కాలేజీ అయినా చేయగల పని. అది చేయని నివేదికను అధికారులు తిప్పి పంపాలి.

మీ ఊళ్లో కొత్త జంక్షనో ఫ్లైఓవరో వస్తోందంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. సిమ్యులేషన్‌లో నడిచేవాళ్లను పెట్టారా, రాంగ్ రూట్ బైకులను పెట్టారా, వేగాలు ఎక్కడ కొలిచారు, వీడియో ఏది అని అడగండి. జవాబు రాకపోతే అప్పీలుకు వెళ్లండి. రోడ్డు పోశాక కాదు, పోయకముందే అడగండి.