సూచనయా? సిఫారసా?

ఆమడగూరు సీమ కర్ణాటక సరిహద్దునకు చేరువ. ఇచ్చటి రైతుబిడ్డలు చదువు ముగించి బెంగుళూరు కొలువులకు పోయిన పిదప, వారి కెదురగు చిక్కులలో నొకటి చూచుటకు స్వల్పముగ నుండును. తోడియుద్యోగితో “ఇట్లు చేసిన బాగుండును” అని యింగ్లీషున చెప్పుటకు ఏ క్రియను వాడవలెను? సజెస్టా, ప్రపోజా, రికమెండా, అడ్వైజా? మన బడులలో నీ నాలుగింటికిని “సూచించు” అను నొక్కటే యర్థమును తరచుగ వల్లెవేయింతురు. ఈ పద్ధతి తప్పని మా యభిప్రాయము.

సజెస్టు చేయువాడు ఒక యాలోచనను ఎదుట నుంచి ఊరకుండును. దానిని గ్రహించుటయు త్రోసివేయుటయు ఎదుటివాని యిష్టము. ప్రపోజు చేయువాడు దానికి తానే కర్తయై, ప్రశ్నించిన సమర్థింపవలెను. మన “ప్రతిపాదన” యిదియే. రికమెండు చేయువాడు తన యనుభవమును పూచీగ నిలుపును. ఫారసీనుండి మనకు వచ్చిన “సిఫారసు” దీనికి సరిపోవును. అడ్వైజు చేయువాడు తనకే యెక్కువ తెలియునని చెప్పినట్లగును. అడుగనిదే సమానునియెడ నీ మాట వాడినచో హితము గూడ నధికారముగ వినబడును. మరియు “నాకు సూచింపుడు” అనుట తెలుగున సాధువే. దానిని “సజెస్ట్ మీ” యని మార్చుట ఇంగ్లీషున శిష్టసమ్మతము గాదు. సజెస్టునకు కర్మ యాలోచన, అడ్వైజునకు మనుష్యుడు.

ఇది గుమాస్తాల గొడవ యని రైతులు ఉపేక్షింపరాదు. అర్జీపై “రికమెండెడ్” అని యొక యధికారి వ్రాసినంతనే పని యైనదని సంతసించి, పైవాని మంజూరు లేక తిరిగి వేసారినవా రెందరు లేరు?

రాజ్యాంగమునే చూడుడు. 74వ అధికరణము ననుసరించి మంత్రిమండలి రాష్ట్రపతికి “సలహా” యిచ్చును. మాట మెత్తనిది, కాని దానిని పాటించి తీరవలెనని 1976లో 42వ సవరణ శాసించెను. ఒక్కమారు పునరాలోచనకు పంపుటకు 1978 నాటి 44వ సవరణ వీలు కల్పించెను. 3వ అధికరణమున రాష్ట్ర విభజన బిల్లునకు రాష్ట్రపతి “సిఫారసు” కావలెను. శాసనసభ తెలుపునది “అభిప్రాయము” మాత్రమే. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిరస్కరించినను, ఫిబ్రవరిలో పార్లమెంటు దానిని ఆమోదించెను. విభజన తగునా తగదా యను వాద మట్లుండ, అభిప్రాయమునకును సమ్మతికిని నడుమ నెన్ని యామడల దూరము కలదో తెలుగువారందరును ఆనాడు చూచిరి.

కావున ఉపాధ్యాయులకు మా మనవి యొక్కటి. ఇంగ్లీషు మాటను వెదకుటకు ముందు, పిల్లవానిచే తెలుగున భావమును తేల్పింపుడు: తలపునకు తెచ్చుచున్నాడా, ప్రతిపాదించుచున్నాడా, పూచీ పడుచున్నాడా, బోధించుచున్నాడా? ఈ భేదములు మన భాషయందు లేనివి కావు, మనము మరచినవి. అవి తెలిసినవాడు పరభాషలో నోరు విప్పినను, తక్కువవాడుగ గాని పొగరుబోతుగ గాని కనబడక సమానుడుగ నిలువగలడు. స్వరాజ్యము వచ్చి యింతకాల మైనను మన బిడ్డల కీపాటి నిబ్బరము నలవరుపలేకున్న, ఆ లోపము ఇంగ్లీషువానిది కాదు, మనదే.