నైట్రోజన్ లెక్క ఎవరు చెబుతారు?

చెత్తకుప్పల నుంచి గ్యాస్ తీసి వాహనాలకు అమ్మొచ్చన్న మాట వినడానికి బాగుంటుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ లాంటి పట్టణాల డంపింగ్ యార్డులు రేపోమాపో గ్యాస్ బావులైపోతాయన్నట్టు వాదించేవారు కార్బన్ డయాక్సైడ్‌ను తొలగించే యంత్రాల గురించే చెబుతారు, నైట్రోజన్ ఊసెత్తరు. అసలు చిక్కు అక్కడే ఉంది. వాహనాలకు వాడే బయోగ్యాస్‌లో మీథేన్ కనీసం 90 శాతం ఉండాలని, కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్, ఆక్సిజన్ మూడూ కలిపి 10 శాతం మించరాదని భారతీయ ప్రమాణం ఐఎస్ 16087 చెబుతోంది. కుప్పలోంచి లాగిన గ్యాస్‌లో మీథేన్ 52 పాళ్లు, కార్బన్ డయాక్సైడ్ 38, నైట్రోజన్ 10 ఉన్నాయనుకుందాం. కార్బన్ డయాక్సైడ్‌ను పూర్తిగా తీసేస్తే మిగిలేవి 62 పాళ్లు, అందులో 10 నైట్రోజనే. అంటే 10 శాతం కాస్తా 16 శాతమైంది, మీథేన్ 84 దగ్గరే ఆగిపోయింది. శుద్ధి చేసేకొద్దీ నైట్రోజన్ వాటా పెరుగుతుందన్నమాట.

ఈ నైట్రోజన్ గాలి నుంచి వస్తుంది. పైన కప్పు లేని కుప్పలో గొట్టాలు దించి పంపుతో లాగితే గాలి కూడా లోపలికి చొరబడుతుంది. అందులోని ఆక్సిజన్‌లో చాలా భాగాన్ని సూక్ష్మజీవులు వాడేసుకుంటాయి, నైట్రోజన్ అలాగే ఉండిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరుగుతుంది కాబట్టి కడిగేయొచ్చు. నైట్రోజన్ అలా లొంగదు. దాని అణువు వ్యాసం 3.64 ఆంగ్‌స్ట్రామ్‌లు, మీథేన్‌ది 3.80. తేడా 0.16 మాత్రమే. ఆ సందులో ఇమిడేలా 3.7 ఆంగ్‌స్ట్రామ్‌ల రంధ్రాలున్న టైటానియం సిలికేట్‌ను అమెరికాలో తయారుచేశారు, సహజవాయు క్షేత్రాల్లో వాడారు కూడా. యాక్టివేటెడ్ కార్బన్ లాంటివైతే నైట్రోజన్‌ను వదిలి మీథేన్‌నే పట్టుకుంటాయి. పట్టుకున్న మీథేన్ తక్కువ పీడనంలో విడుదలవుతుంది, దాన్ని సిలిండర్లలో నింపాలంటే మళ్లీ 200 బార్‌కు పైగా ఒత్తాలి. ఆ కరెంటు బిల్లు ఎవరు కడతారు?

హైదరాబాద్ శివారు జవహర్‌నగర్ డంపింగ్ యార్డులో సాధ్యమైంది కదా అంటారు. అది కోటి టన్నులకు మించిన చెత్తగుట్ట, పైగా దాన్ని పొరలతో కప్పారు. బయలుగా పడున్న జిల్లా పట్టణపు కుప్పకు ఆ పోలిక చెల్లదు. లోహ సేంద్రియ చట్రాల వంటి కొత్త సూక్ష్మరంధ్ర పదార్థాలు వస్తున్నాయి కదా అన్నది మరో వాదన. రానివ్వండి, పరిశోధనకు నిధులూ ఇవ్వండి. కానీ పొడి గ్యాస్‌తో ప్రయోగశాలలో నెగ్గిన పదార్థం తేమ, హైడ్రోజన్ సల్ఫైడ్ నిండిన చెత్త గ్యాస్‌లో ఏళ్ల తరబడి నిలవాలి. అది రుజువు కాకముందే పురపాలక నిధులు పణంగా పెట్టడం సాహసం కాదు, బాధ్యతారాహిత్యం.

శుద్ధి కన్నా మూలం మార్చడమే మేలన్న పాఠం నల్లగొండకు కొత్తేం కాదు. పటిక, సున్నంతో తాగునీటిలోని ఫ్లోరైడ్ తీసే నీరి పరిశోధన సంస్థ పద్ధతికి ఈ జిల్లా పేరే పెట్టారు. అయినా ఊళ్లకు ఊరట దొరికింది శుద్ధితో కాదు, కృష్ణా నీళ్లు వచ్చాకే. మూలం మారితేనే సమస్య తీరింది. గ్యాస్‌కూ ఇదే సూత్రం. హైదరాబాద్ బోయినపల్లి మార్కెట్‌లో రోజుకు 10 టన్నుల కూరగాయల వ్యర్థాల కోసం పరిశోధన సంస్థ ఐఐసీటీ పరిజ్ఞానంతో ప్లాంటు కట్టారు. మూసిన ట్యాంకులోకి గాలి దాదాపు చొరబడదు, నైట్రోజన్‌ను విడదీసే అవసరమే రాదు. తడి చెత్తను వేరుగా సేకరించాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనలే చెప్పాయి. ఆ పని చేయించలేని యంత్రాంగం ఆంగ్‌స్ట్రామ్‌లో ఆరో వంతు తేడాను పట్టే యంత్రాన్ని నడుపుతుందంటే నమ్మేదెవరు? కేంద్ర బయోగ్యాస్ పథకం సతత్ 2023 నాటికి 5000 ప్లాంట్లు అంది, గడువు ముగిసేసరికి వంద కూడా నడవలేదు. ఇకపై చెత్తకుప్ప గ్యాస్ ప్రతిపాదన తెచ్చే ప్రతి అధికారినీ పాలకమండళ్లు ఒక్కటే అడగాలి: 10 శాతం నైట్రోజన్ 16 అయ్యాక ఏం చేస్తారు? కాగితం మీద జవాబు లేకపోతే ఫైలు వెనక్కి పంపాలి.