చేతిరాత – తలరాత

అమరావతి స్తూపపు శిలాఫలకం మీద కనిపించిన “నాగబు” అనే మాటను తెలుగు పలుకుకు తొలి ఆనవాళ్ళలో ఒకటిగా పండితులు పేర్కొన్నారు. బ్రాహ్మీ లిపిని దేశమంతా మరచిపోయినా, 1837లో జేమ్స్ ప్రిన్సెప్ దాని గుట్టు విప్పగానే అటువంటి శాసనాలు మరల పలుకసాగినవి. ఉలి పట్టిన చేయి ప్రతి అక్షరాన్నీ విడిగా, స్పష్టంగా చెక్కడం అందుకు ఎంతో తోడ్పడినది. శతాబ్దాల నాటి రాత నేటికీ చదవడానికి వీలుగా ఉన్నది; ఉదయం వైద్యుడు వ్రాసిన మందుచీటీని సాయంత్రానికి చదవలేక తికమకపడేవారు మాత్రం ఎందరో ఉన్నారు. ఇది నవ్వి ఊరకొనదగిన విషయం కాదు.

“చేతిరాత బాగుంటే తలరాత బాగుంటుంది” అని బడిలో గురువులు చెప్పే మాట ఆసుపత్రిలో అక్షరాలా నిజం. అక్కడ చేతిరాత వైద్యునిది, తలరాత రోగిది. అర మిల్లీగ్రాము అనడానికి ముందు సున్న పెట్టక, ఒక చుక్క, దాని వెంట 5 వ్రాస్తే, చుక్క మాసిపోయి మోతాదు పదిరెట్లవుతుంది. ఇన్సులిన్ 4 యూనిట్లు అనడానికి 4 పక్కన ఇంగ్లీషు ‘యు’ అక్షరం ఒక్కటే గిలికితే అది సున్నలా కనిపించి 40 అవుతుంది. దశాంశ బిందువు తప్పితే బడిలో పోయేది ఒక మార్కు. ఆసుపత్రిలో ప్రాణమే పోవచ్చును. పేర్ల పోలిక మరొక చిక్కు. లాసిక్స్ ఒంట్లో నీరు తీసే మందు. లోసెక్ కడుపులో ఆమ్లాన్ని తగ్గించే మందు. ఈ రెండింటినీ ఒకటిగా భ్రమపడడం వల్ల పొరపాట్లు జరిగినందున అమెరికాలో లోసెక్ పేరునే ప్రైలోసెక్‌గా మార్చవలసి వచ్చినది.

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయంలో నడిపించిన కృషి నుండి మెథోట్రెక్సేట్ వెలువడినది. కేన్సరుకు, తరువాత కీళ్ళవాతానికి కూడా అది ఆధారమైనది. కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారే వాడవలసిన ఈ మందును పొరపాటున ప్రతిదినమూ మింగి మరణించినవారు పలు దేశాలలో ఉన్నారు. ఒక తెలుగువాని ప్రతిభ లోకానికి ఇచ్చిన ఔషధం, ‘వారానికి’ అనే ఒక్క మాట సరిగా అందకపోతే విషమవుతున్నది.

ఈ సంగతి న్యాయస్థానాల దృష్టికి రాకపోలేదు. 2014లో తెలంగాణలోని నకిరేకల్లుకు చెందిన ఒక ఔషధ విక్రేత, చేతిరాత చీటీలను మాన్పించవలెనని హైదరాబాదులోని ఉన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించినారు. 2016లో భారత వైద్య మండలి, మందుల జెనరిక్ పేర్లను స్పష్టంగా, వీలైనంతవరకు ఇంగ్లీషు పెద్ద అక్షరాలలో వ్రాయవలెనని నిబంధన చేసినది. 2025లో పంజాబు–హర్యానా ఉన్నత న్యాయస్థానం, చదవగలిగిన మందుచీటీ రోగి జీవించే హక్కులో భాగమని చెప్పి, రెండేండ్లలో కంప్యూటరు చీటీలకు మారవలెనని ఆదేశించినది. దారి తెలిసినది; నడకే మందంగా ఉన్నది.

కంప్యూటరు ద్వారా మందులు వ్రాయడంలోని విశేషం అచ్చు అక్షరాలు మాత్రమే కాదు. మందు పేరు, మోతాదు, ఎన్నిసార్లు, ఎన్ని దినాలు అనే వాటిలో ఏది విడిచినా చక్కని ఏర్పాటు ముందుకు సాగనివ్వదు. రోగికి పెన్సిలిన్ పడదని ముందే నమోదై ఉంటే ఆపి అడుగుతుంది. అప్పటికే వాడుతున్న మందుతో కొత్తది పొసగకపోతే హెచ్చరిస్తుంది. బోస్టను నగరంలోని బ్రిగమ్ ఆసుపత్రిలో ఈ పద్ధతి ప్రవేశపెట్టిన పిమ్మట, ముందుగా పట్టుబడక రోగిదాకా పోయే తీవ్రమైన పొరపాట్లు 55 శాతం తగ్గినట్లు 1998లో వెలువడిన పరిశోధన తెలిపినది.

అట్లని యంత్రాన్ని దేవుణ్ణి చేసి పూజించడం అవివేకం. పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో ఇటువంటి ఏర్పాటే 22 రకాల పొరపాట్లకు తావిస్తున్నదని 2005లో పరిశోధకులు చూపించినారు. పట్టికలో ఒక వరుస కిందికి జారి వేరొక మందు ఎన్నుకోవచ్చును. ఒకరి పేరుమీద మరొకరి మందు ఎక్కించవచ్చును. హెచ్చరికలు మితిమీరితే “నాన్నా పులి” కథలో వలె నిజమైన పులి వచ్చిన నాడు ఎవరూ పట్టించుకోరు. వందమంది వరుసలో నిలిచిన చోట ఒక్క వైద్యుడు రోగి ముఖం చూడాలా, తెర చూడాలా అన్న ప్రశ్న కూడా కాదనరానిది. కనుక యంత్రంతో పాటు నమోదుకు సహాయకులనూ, చీటీని మరల పరిశీలించే ఫార్మసిస్టునూ నియమించని ఆసుపత్రికి ఖర్చే తప్ప ఫలితం దక్కదు.

అసలు మేలు యంత్రపు తెలివిలో లేదు. ఒక్కరికే తెలిసిన రాత పలువురి కంటికి అందడంలో ఉన్నది. వైద్యుని పొరపాటును నర్సు గాని, ఫార్మసిస్టు గాని పట్టుకోగలిగేది చదవగలిగినప్పుడే. ఈ వరుసలో చివరి కన్ను రోగిది. ఆ కన్నును లెక్కలోనికి తీసుకునేవారు తక్కువ.

ఆంధ్రప్రదేశ్‌లో ఇ-సంజీవని దూరవైద్య సేవ 2019లోనే మొదలైనది. 2021లో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ క్రింద పౌరులకు 14 అంకెల ఆరోగ్య సంఖ్య లభిస్తున్నది. అమరావతి రోగి సొంత ఊరిలో ఒక చీటీ, గుంటూరులో ఒకటి, మంగళగిరి ఎయిమ్స్‌లో మరొకటి వ్రాయించుకున్నా, ఆసుపత్రులన్నీ ఈ ఏర్పాటులో చేరితే, రోగి సమ్మతితో మూడింటినీ కలిపి చూడడానికి వీలవుతుంది. కాని ఇంగ్లీషులో అచ్చయిన చీటీ పల్నాటి ముసలమ్మకు గొలుసుకట్టు రాత వలెనే బ్రహ్మరాత. మందు పేరు, అది దేనికి, ఎప్పుడు, ఎన్ని అనే నాలుగు సంగతులను తెలుగులో కూడా అచ్చువేయడం కంప్యూటరుకు పెద్ద పని కాదు. కొనే ప్రతి యంత్రానికీ ప్రభుత్వం ఈ షరతు పెట్టవలసి ఉన్నది.

ఉపాధ్యాయులు కూడా మందుచీటీ చదవడం, మోతాదు లెక్క కట్టడం ఒక పాఠంగా చెప్పవచ్చును. అప్పుడు ఎనిమిదవ తరగతి చదివే మనుమడు చీటీ చేతపట్టుకుని, “వారానికి ఒకసారే అని వ్రాసి ఉన్నది నాయనమ్మా, నిన్ననే కదా వేసుకున్నావు” అని ఆమె చేయి పట్టుకుని ఆపగలడు.