కదలని చెంచా, కల్పించిన రీడింగు

ఏకాగ్రత కుదిరితే చేయి తగలకుండానే చెంచా వంగుతుందనీ, మధ్యమెదడును మేల్కొలిపితే కళ్లకు గంతలు కట్టుకున్న పిల్లలు సైతం పుస్తకం చదవగలరనీ చెప్పే శిక్షణల ప్రచారం వేసవి సెలవులు దగ్గరపడేసరికి విజయవాడ వంటి చదువుల పట్టణాలకు మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. అమ్మేవాడు అమ్ముకోవడంలో వింత లేదు. విసుగు పుట్టించేది కొనేవారి ధోరణి. ఇంజనీరింగు పట్టాలున్న తల్లిదండ్రులు కూడా ‘ఏమో, ఈరోజు కాకపోయినా రేపైనా సైన్సు ఒప్పుకోవచ్చు’ అంటూ తలూపుతున్నారు. గంతకూ ముక్కుకూ మధ్య మిగిలే సందులోంచి కిందికి చూడవచ్చుననీ, పుస్తకాన్ని తల వెనక్కి జరిపితే ఆ చదువు అక్కడే ఆగిపోతుందనీ తెలుసుకోవడానికి పట్టా కూడా అక్కరలేదు.

కండరం గాని, తీగ గాని, గాలి గాని మధ్యలో లేకుండా కేవలం సంకల్పంతో బయటి వస్తువును కదిలించడాన్ని సైకోకైనసిస్ అంటారు. మెదడుకు అంత శక్తి లేదని కొందరు తేలికగా కొట్టిపారేస్తారు గాని, ఆ వాదం నిలవదు. మానవ మెదడు సుమారు 20 వాట్లు ఖర్చు చేస్తుంది, పది గ్రాముల చెంచాను మీటరు ఎత్తుకు లేపడానికి జౌలులో పదో వంతు చాలు. చిక్కంతా ఆ శక్తికి పుర్రె దాటి వస్తువును చేరే దారి లేకపోవడంలో ఉంది. నాడీకణాల విద్యుత్తు తలచర్మం మీదికి వచ్చేసరికి వోల్టులో లక్షో వంతు స్థాయికి పడిపోతుంది. మెదడు పుట్టించే అయస్కాంత క్షేత్రం భూమి క్షేత్రం కన్నా కోట్ల రెట్లు బలహీనం. ఇవి కాక మరో బలమేదో ఉందనుకున్నా, అది ప్రయోగశాలల్లోని అతి సున్నితమైన త్రాసులకు దొరక్కుండా టీవీ స్టూడియో చెంచాలకు మాత్రమే దొరకడం నమ్మశక్యం కాదు. 1973లో అమెరికా టీవీలో జానీ కార్సన్ కార్యక్రమం వారు సామగ్రిని తామే సమకూర్చి, ముందుగా ముట్టుకోనివ్వకపోయేసరికి, చెంచాలు వంచేవాడిగా పేరుపడ్డ యూరీ గెల్లర్ శక్తి ఆ రాత్రికి పనిచేయలేదు.

కృష్ణా డెల్టాకు ఈ వాదం కొత్తది కాదు. కాకినాడ కళాశాలలో నాస్తికత్వం కారణంగా ఉద్యోగం పోగొట్టుకుని, తరువాత బందరు హిందూ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించిన గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు. 1947లో అది విజయవాడ పటమటకు చేరింది. మహిమ అన్నదాన్ని మాటలతో ఖండించి ఊరుకోకుండా, నిప్పులపై ఎవరైనా నడవవచ్చునని నడిచి చూపించడం ఆ కేంద్రం ఎంచుకున్న పద్ధతి. బొగ్గు వేడిని నెమ్మదిగా వదులుతుంది గనుక, అడుగు తాకే క్షణంలో పాదం కాలేంత వేడి ఎక్కదు. గోరా కుమారులు లవణం, విజయం, డాక్టర్ సమరం తెలంగాణలో బాణామతి, చేతబడి నమ్మకాలకు వ్యతిరేకంగా చేసిన కృషి ఇంతకన్నా ముఖ్యమైనది. ఇళ్ల మీద రాళ్లు వాటంతటవే పడుతున్నాయని, దండెం మీది బట్టలు అంటుకుంటున్నాయని, దానికి ఫలానావాడి తలపే కారణమని ఊరు నమ్మితే, ఆ ఫలానావాడికి పళ్లు పీకించారు, కొన్నిచోట్ల ప్రాణాలే తీశారు. మనోబలంతో వస్తువులు కదులుతాయన్న ఊహ చెంచా దగ్గరైతే వినోదంగా కనిపిస్తుంది, మెదక్ పల్లెల్లో అది హత్యానేరం దాకా వెళ్లింది.

తెలుగునాట ఈ విషయం తీసుకున్న మరో దారి వాల్తేరుది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్ వద్ద పనిచేసిన కోనేరు రామకృష్ణారావు 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన విభాగాన్ని నెలకొల్పారు. పరామనోవిజ్ఞానమంటే ఇంద్రియాలకు అందని గ్రహణాన్నీ, మనోబల చలనాన్నీ ప్రయోగంతో పరిశీలిస్తానని చెప్పుకునే శాస్త్రం. ఆయన నిర్ణయాలతో ఏకీభవించనివారు కూడా ఆయన పాండిత్యాన్ని కాదనలేరు. అయితే ఆ రంగం చరిత్రలో తెలుగు పాఠకులు తప్పక తెలుసుకోవలసిన సంవత్సరం 1974. రైన్ సంస్థ డైరెక్టర్ వాల్టర్ లెవీ, ఎలుకలు తమకు సుఖం కలిగించే విద్యుత్ స్పందనలను యాదృచ్ఛిక యంత్రం నుంచి మనోబలంతోనే ఎక్కువగా రాబట్టుకుంటున్నాయని, 50 శాతం రావలసినచోట 54 శాతం వస్తోందని ప్రకటిస్తూ వచ్చాడు. యంత్రం దగ్గర అతడు తచ్చాడుతున్న తీరుపై అనుమానం వచ్చిన సహోద్యోగులు అతడికి తెలియకుండా అదే యంత్రానికి మరో నమోదు ఏర్పాటు చేయగా, అందులో 50 శాతమే కనిపించింది. లెవీ వెళ్లిపోయాడు, ఆ సంగతిని దాచకుండా రైన్ తన పత్రికలోనే ప్రచురించారు. తరువాతి సంవత్సరాలలో ఆ సంస్థకు డైరెక్టర్‌గా వెళ్లినవారు రామకృష్ణారావే.

మిగిలిన లెక్క త్వరగానే తేలుతుంది. యాదృచ్ఛిక యంత్రాలపై మనోబలాన్ని పరీక్షిస్తూ ప్రిన్స్‌టన్‌లో 1979 నుంచి 2007 వరకు నడిచిన ప్రయోగశాల లక్షల ప్రయత్నాల తరువాత చూపగలిగిన తేడా పదివేలకు రెండు మూడు. రెండు జర్మన్ ప్రయోగశాలలతో కలిసి అదే ప్రయోగాన్ని తిరిగి చేసినప్పుడు ఆ తేడా కూడా ఆశించిన విధంగా రాలేదు. 2006లో ఇలాంటి 380 అధ్యయనాలను కలిపి పరిశీలించినవారు, అధ్యయనం చిన్నదయ్యేకొద్దీ ఫలితం పెద్దదవుతోందని, విఫలమైనవి అచ్చుకు రాకపోతే సరిగ్గా ఇలాగే కనిపిస్తుందని తేల్చారు.

తలపుతో వస్తువు కదలడం మరో అర్థంలో ఇప్పటికే నిజమైంది. పక్షవాతంతో దాదాపు 15 సంవత్సరాలు కాళ్లూ చేతులూ కదపలేకపోయిన ఒక మహిళ, మెదడులో అమర్చిన 96 ఎలక్ట్రోడ్ల ద్వారా రోబో చేతిని నడిపి కాఫీ సీసాను నోటికి తెచ్చుకున్నట్టు 2012లో నేచర్ పత్రిక ప్రచురించింది. హైదరాబాద్‌లో బడిచదువు సాగించిన రాజేశ్ రావు 2013లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేయి కదపాలని ఊహించుకోగా, ఆ సంకేతం మరో భవనంలోని సహచరుడి మెదడుకు చేరి అతడి వేలు మీట నొక్కింది. ఈ రెండింటిలోనూ తీగ ఉంది, గణన ఉంది, తప్పిన ప్రయత్నాల లెక్క కూడా ఉంది. శిక్షణ తరగతులు చూపించని భాగం ఆ చివరిదే.

ఆ లెక్క రాసే అలవాటు డెల్టా పిల్లలకు ఎక్కడ అబ్బాలి? ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో. ఏళ్ల తరబడి భౌతిక, రసాయన శాస్త్రాల ప్రాక్టికల్స్‌కు చెరి 30 మార్కులు కేటాయించారు, ఆ మార్కులు దాదాపు అందరికీ నిండుగా పడ్డాయి. ఎంసెట్‌లో గాని, దాని వారసురాలైన ఈఏపీసెట్‌లో గాని ప్రయోగం చేయించరు గనుక, పేరున్న కళాశాలల్లో సైతం రెండేళ్లకు కలిపి లోలకం ఊగేది పరీక్షల ముందు కొద్దిరోజులే. రికార్డు పుస్తకం సీనియరు రికార్డుకు నకలు. వంద సెంటీమీటర్ల లోలకం 20 డోలనాలకు సుమారు 40 సెకన్లు తీసుకుంటుందని ముందే తెలిసిన విద్యార్థి గడియారం వైపు చూడడు. రీడింగుల నుంచి గురుత్వ త్వరణం విలువ 980 రావడానికి బదులు, 980 నుంచి రీడింగులు పుడుతున్నాయి. అమెరికాలో లెవీ ఉద్యోగం పోవడానికి కారణమైన పనిని ఇక్కడ పదిహేడేళ్ల పిల్లలకు పెద్దలే నేర్పి మార్కులు వేస్తున్నారు. ఆ పిల్లలే తల్లిదండ్రులై, వంగిన చెంచా ముందు ‘ఏమో’ అంటున్నారు. ప్రాక్టికల్ పరీక్షను వేరే కళాశాలలో రాయించే జంబ్లింగు ఊసెత్తితే యాజమాన్యాలు చేసే గగ్గోలు అందరూ ఎరిగినదే.

జంబ్లింగు కన్నా చవకైన మార్గం ఒకటుంది. ఒక్కో బల్ల మీద ఒక్కో మందం గల తీగ ముక్కను అంకె చీటీతో పెట్టి, స్క్రూగేజితో కొలవమని, జీరో ఎర్రర్ సవరించి విలువ రాయమని అడగాలి. అసలు మందం ఇంటర్ బోర్డు దగ్గర సీలు వేసిన కవరులో ఉండాలి, పరీక్షాధికారికి కూడా తెలియకూడదు. జవాబు తెలియనప్పుడు కొలవడం తప్ప మరో దారి ఉండదు. మొదటి ఏడాది చాలామంది తప్పుతారు, తప్పనివ్వాలి.