తెప్ప మీద చాకు ఒంటి చేత్తో తెరుచుకోవాలి

తెప్ప ఎక్కేముందు వల చూసుకుంటాం. తెడ్డు చూసుకుంటాం. థర్మాకోల్ ఎక్కడన్నా పగిలిందా, కట్లు వదులైనయా అని తడిమి చూస్తాం. నడుముకు చాకు ఉన్నదా, ఉంటే అది తెరుచుకుంటుందా అని చూసుకునే వాళ్లు మాత్రం చాలా తక్కువ. ఈ సంగతి ఎవరూ రాయడం లేదు కనుక నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల చేపల పని పద్ధతే మారిపోయింది. వెనకట చెరువులు ఎండాకాలం వచ్చేసరికి నడుము లోతుకు దిగేవి. ఊరంతా కలిసి నీళ్లలో నడుస్తూనే వల లాగేవాళ్లం. కాలు కింద నేల ఉండేది. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు ఘన్‌పూర్ రిజర్వాయరుకు, దాని కింది చెరువులకు వచ్చిన తర్వాత లోతు పెరిగింది, నీళ్లు నిలిచే కాలమూ పెరిగింది. 2016లో ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేప పిల్లలు వదలడం మొదలుపెట్టాక వల వేసేవాళ్లూ పెరిగారు. ఇప్పుడు బొచ్చె, రవ్వ, బంగారుతీగ పట్టాలంటే తెప్ప మీద పోవాల్సిందే. చాలామంది తెప్ప అంటే నాలుగు థర్మాకోల్ పలకలు, పైన బస్తా గుడ్డ, చుట్టూ నైలాన్ తాడు. కొందరు లారీ ట్యూబు మీద కూడా పోతున్నారు. దాని మీద ఒక్క మనిషే పడతాడు. పక్కకు ఒరిగితే పట్టుకునేందుకు ఏమీ ఉండదు.

వలలూ మారాయి. నూలు వలల కాలంలో వల మోడుకు తట్టుకుంటే గట్టిగా గుంజితే తెగేది. మనిషికి చుట్టుకున్నా పండ్లతో కొరికి బయటపడేవాళ్లు. ఇప్పటి తంగూసు దారం కంటికి ఆనదు, చేత్తో తెగదు, నీళ్లలో కుళ్లదు. చేపకు అది ఎంత ఉరో, మనిషికీ అంతే ఉరి. రిజర్వాయర్లో మునిగిపోయిన తుమ్మ మోళ్లు, ఒడ్డుకు గుర్రపు డెక్క, వాటి మధ్య ఎవరో వదిలేసిన పాత వలలు. ఇన్ని ఉన్నచోట కోసే సాధనం చేతికి అందుబాటులో లేకుండా పోవడం నా దృష్టిలో తెలివైన పని కాదు.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. ఒక చలికాలం పొద్దున వల ఎత్తుతుంటే వల పై తాడు ఎడమ చేతి మణికట్టుకు రెండు చుట్లు పడింది. అవతలి కొస నీళ్లలో మోడుకు తట్టుకున్నది. గాలికి తెప్ప అటు జరిగే కొద్దీ తాడు బిగుసుకుంటోంది, తెప్ప అంచు నీళ్లలోకి వంగుతోంది. కుడిచేత్తో జేబులోంచి చాకు తీశాను. జాతరలో కొన్న మడత చాకు. బ్లేడుకు గోరు పెట్టి లాగే గాడి ఉంటుంది కదా, ఆ రకం. గోరు పెట్టి లాగాలంటే రెండో చేత్తో పిడి పట్టుకోవాలి, ఆ రెండో చెయ్యి తాడులో ఉన్నది. పిడిని పండ్లతో పట్టి లాగాను. రాలేదు. లోపల మేకు దగ్గర తుప్పు పట్టి బిగుసుకుపోయింది. పక్క తెప్ప మీది మా బావ వచ్చి కొడవలితో తాడు కోసే దాకా పట్టింది రెండు మూడు నిమిషాలే కావచ్చు, నాకైతే పూటంత అనిపించింది.

ఇంటికి వచ్చి గ్యాసునూనె పోసి ఆ చాకును తెరిచి చూస్తే విచిత్రం. బ్లేడు తళతళలాడుతోంది. దాని మీద 'స్టెయిన్‌లెస్' అని రాసిన అక్షరాలు కూడా చెక్కుచెదరలేదు. కానీ బ్లేడు తిరిగే మేకు, వెనక స్ప్రింగు, పిడి లోపలి పట్టీ మామూలు ఇనుము. అవి జంగు పట్టి ముద్దయ్యాయి. అంటే మనం కొనేటప్పుడు చూడాల్సింది బ్లేడు ఒక్కటే కాదు.

సముద్రం మీద పోయేవాళ్లకు ఈ బాధ ఇంకా ఎక్కువ. విశాఖ, అనకాపల్లి తీరంలో చిన్న ఫైబరు తెప్పల మీద గాలం వేసి టూనాలు, కొమ్ముకోనేలు పడతారు. 2025 జూలైలో పూడిమడక దగ్గర గాలానికి పడ్డ కొమ్ముకోనెం ఒకటి తాడు లాగుతున్న యువకుణ్ణి సముద్రంలోకి లాక్కుపోయింది. చాకు ఉంటే అతను బతికేవాడా అనేది ఇక్కడ కూర్చొని చెప్పే మాట కాదు. తాడుకు అవతల చేప ఉన్నా, మోడు ఉన్నా, తాడు మనిషిని లాగడం మొదలుపెట్టాక ఆలోచించేందుకు వ్యవధి ఉండదని మాత్రం చెప్పగలను.

ఇక ఉక్కు సంగతి. క్రోమియం కనీసం పదిన్నర శాతం ఉంటేనే దాన్ని స్టెయిన్‌లెస్ అంటారు. ఇంగ్లాండులోని షెఫీల్డ్ పట్నంలో 1913లో హ్యారీ బ్రియర్లీ అనే ఆయన ఈ రకం ఉక్కు చేశాడు, కత్తులు చేసే ఊరు కనుక మొదట కత్తులకే వాడారు. క్రోమియం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన కంటికి కనపడని పొర కడుతుంది. గీత పడ్డా పొర మళ్లీ కట్టుకుంటుంది. ఆ పొరను చెడగొట్టేది ఉప్పు. సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మనవి మంచినీళ్లే కదా, మనకెందుకు అనుకోవద్దు. చేప నెత్తురు, జిగురు, మన చెమట, వీటన్నిటిలో ఉప్పు ఉంటుంది. అది మడత సందులో చేరి, పైన బురద పట్టి, గాలి తగలకుండా రోజుల తరబడి తడిగా ఉంటుంది. గాలి లేనిచోట ఆ పొర మళ్లీ కట్టుకోలేదు. అందుకే మడత చాకు ఎప్పుడూ సందులోనే ముందు తుప్పు పడుతుంది.

అంగట్లో కొందరు అయస్కాంతం పెట్టి చూపిస్తారు. 'అంటలేదు చూడు, అసలు స్టీలు' అంటారు. ఇది వంట గిన్నెలకు పనికొచ్చే పరీక్ష, చాకుకు కాదు. గిన్నెల ఉక్కుకు సాధారణంగా అయస్కాంతం అంటదు, కానీ దాన్ని కాల్చి గట్టిపరచడం కుదరదు, పదును నిలవదు. చాకుకు వాడే మామూలు స్టెయిన్‌లెస్ రకాలకు అయస్కాంతం అంటుతుంది. కనుక అంటిందని పారేయొద్దు, అంటలేదని మురిసిపోవద్దు.

బ్లేడు మీద అంకెలు ఉంటే చూడండి. 420 అని ఉంటే తుప్పుకు బాగా ఆగుతుంది, పదును తొందరగా పోతుంది. 440సి అని ఉంటే పదును చాలా రోజులు నిలుస్తుంది, ఉప్పు నీళ్లకు మాత్రం దానికంటే ముందే మచ్చలు వస్తాయి. కర్బనం ఎక్కువైతే పదును, తక్కువైతే తుప్పు భయం లేకపోవడం, ఇదీ లెక్క. సముద్రం మీద తిరిగే వాళ్ల కోసమని కర్బనం తగ్గించి నత్రజని కలిపిన ఉక్కులు కూడా వచ్చాయి. జపాన్ వాళ్ల హెచ్-1, తర్వాత వచ్చిన ఎల్.సి.200ఎన్ అలాంటివి. మనం యూరియా రూపంలో పొలంలో చల్లే నత్రజనే చాకును కాపాడుతోందంటే నాకూ మొదట నమ్మబుద్ధి కాలేదు. కానీ వాటి ధర వేలల్లో ఉంటుంది. చేప కిలో ఎంతకు పోతోందో చూసుకుంటే అది మనకు అయ్యే పని కాదు. మన చెరువులకు 420 రకం చాలు. పదును పోతే సాన రాయి ఉండనే ఉంది.

నమ్మకం లేకపోతే కొన్న రోజే ఒక పని చేయండి. లీటరు నీళ్లలో 35 గ్రాముల ఉప్పు కలిపి చాకును సగం తెరిచి రాత్రంతా అందులో ఉంచండి. పొద్దున తీసి, మంచినీళ్లతో కడిగి, మేకు దగ్గర, స్ప్రింగు దగ్గర, స్క్రూల దగ్గర చూడండి. ఎర్ర నీళ్లు కారితే దాన్ని ఇంట్లో ఉల్లిగడ్డలకు పెట్టుకోండి, తెప్ప మీదికి తీసుకపోకండి.

తెరిచే పద్ధతి అన్నిటికంటే ముఖ్యం. బ్లేడుకు బొటనవేలు పెట్టి నెట్టే రంధ్రం గాని, బొడిపె గాని ఉండాలి. తడి చేత్తో, కళ్లు మూసుకొని, ఒక్క చేత్తో పదిసార్లు తెరిచి చూడండి. కుడిచేత్తో చూసినట్టే ఎడమచేత్తోనూ చూడండి, ఏ చెయ్యి తాడులో పడుతుందో ముందు తెలియదు కదా. తెరిచాక బ్లేడు గట్టిగా నిలబడే తాళం ఉండాలి, లేకపోతే తాడు మీద ఒత్తితే వేళ్ల మీదికే మడుచుకుంటుంది. బటన్ నొక్కితే టక్కున తెరుచుకునేవి వద్దు. వాటి స్ప్రింగే ముందు పాడవుతుంది, పైగా బస్సులో రైల్లో పోతుంటే లేనిపోని అనుమానం. ఆయుధాల నియమాల్లో 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన బ్లేడు గురించే పట్టింపు, అందులోనూ ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. మనకు కావాల్సింది 3 అంగుళాలు.

మొన కూచిగా ఉండొద్దు, మొండిగా ఉండాలి. ట్యూబు మీద కూర్చున్నవాడికి ఇది వేరే చెప్పక్కరలేదు. తడబాటులో మన తొడకే దిగకుండా ఉండటానికీ అదే మంచిది. పదును వైపు సగం దాకానన్నా రంపపు పండ్లు ఉంటే తడి నైలాన్ తాడు ఒక్క గుంజుకు తెగుతుంది. నున్నని పదును జారుతుంది. పిడి రంగు ఎర్రగానో పసుపుగానో ఉంటే కింద పడితే కనపడుతుంది.

ఇంతా చెప్పి, నా సొంత అభిప్రాయం ఒకటి దాచుకోకుండా చెప్పాలి. మన పనికి మడత చాకు రెండో రకమే. మడత లేకపోతే తుప్పు పట్టే సందే లేదు, తెరిచే పనే లేదు. మనింట్లో కక్కు కొడవలి ఉంటుంది. అరిగిపోయిన కక్కు కొడవలిని కమ్మరి దగ్గరికి తీసుకపోయి, కొన విరగ్గొట్టించి మొండి చేయించి, నాలుగు అంగుళాలు ఉంచి, కక్కు కొత్తగా పెట్టించుకుంటే తాడు కోయడానికి దాన్ని మించింది లేదు. వంపు ఉంటుంది కనుక తాడు జారిపోకుండా దానంతట అదే లోపలికి వస్తుంది. కొన మొండి చేయించకపోతే మాత్రం అదే వలకు తట్టుకుంటుంది, జాగ్రత్త. నేను మా ఊరి కమ్మరి దగ్గర లారీ కమాను పట్టీ ముక్కతో ఒకటి చేయించుకున్నాను. 'తుప్పు పట్టకుండ చేస్తవా?' అంటే ఆయన నవ్విండు. 'తమ్మీ, నీళ్లల్ల తిరిగే ఇనుముకు నూనె పెట్టకుంటే అది నీళ్ల సొమ్మే గద' అన్నడు. నిజమే. ఒకప్పుడు నిజామాబాద్ దిక్కు కోనసముద్రంలో కరిగించిన ఉక్కును కత్తుల కోసం పారశీక దేశం దాకా కొనుక్కుపోయేవాళ్లు. అదీ తుప్పు పట్టే ఉక్కే. నూనె పెట్టి కాపాడుకున్నవాళ్ల కత్తులు ఇప్పటికీ ఉన్నాయి.

ఒర తోలుది వద్దు. తోలు తడి పీల్చుకొని వదలదు. పాత ప్లాస్టిక్ పైపు ముక్కను వేడి చేసి నొక్కి, అడుగున నీళ్లు కారే రంధ్రం పెట్టుకుంటే సరిపోతుంది. దాన్ని మొలతాడుకో, నడుముకు కట్టిన బెల్టుకో ముందు వైపు కట్టుకోండి. రెండు చేతులకూ అందాలి. తెప్పకు కట్టొద్దు, తెప్ప బోల్తా కొడితే చాకు తెప్పతోనే పోతుంది.

ఒడ్డుకు వచ్చాక పని ఐదు నిమిషాలే. మంచినీళ్లతో కడిగి, మడత చాకైతే తెరిచి సందులో పాత పండ్ల బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి, తెరిచే ఉంచి నీడలో ఆరనివ్వాలి. మేకు దగ్గర ఒక్క చుక్క కుట్టు మిషను నూనె. కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగటగా మారి దుమ్ము పడుతుంది, మేకు దగ్గర వేయొద్దు. తడి వల మూటలో చాకు పెట్టి పడుకోవడం మనకు ఉన్న చెడ్డ అలవాటు. నా చాకు అలాగే పాడైంది, అందులో అమ్మినవాడి తప్పు సగమే.

చాకు ఉన్నదని లైఫ్ జాకెట్ మానేసేవాళ్లు ఉంటారేమో, వాళ్లకు నేను చెప్పేది వేరే. తాడు కోసుకున్న తర్వాత కూడా నీళ్ల మీద తేలాలి కదా. రెండూ కావాలి.

సొసైటీ పెద్దలకు ఒక మాట. 2018లో సమీకృత మత్స్య అభివృద్ధి పథకం వచ్చినప్పుడు రాయితీ మీద మోపెడ్లు, వలలు ఇచ్చారు, మనం సంతోషంగా తీసుకున్నాం. అప్పుడు మీటింగుల్లో ఎవరం కూడా చాకు మాట ఎత్తలేదు, నేను కూడా ఎత్తలేదు. ఇప్పుడు దానికోసం ఎవరి వైపో చూడనక్కరలేదు. చేప అమ్మిన డబ్బులో సొసైటీ ఖర్చుల కింద రాసుకునే వాటిలో ఇది చాలా చిన్నది. సభ్యుడికి ఒకటి చొప్పున కమ్మరికి ఒకేసారి చెప్తే ఆయనకూ పని దొరుకుతుంది, మనకూ తక్కువకు పడుతుంది. కాకపోతే చెరువు పట్టే కాలం దగ్గరికి వచ్చాక చెప్తే అప్పటికి ఆయన వరికోత కొడవళ్లకు కక్కులు పెట్టుకుంటూ తీరిక లేకుండా ఉంటాడు. దసరాకు ముందే చెప్పాలి.