చక్రం సైజు మారిస్తే మీటర్ తప్పు చెబుతుంది: చలాన్ ఎవరు కట్టాలి?

మీటర్ ముల్లు 60 దాటలేదు. అయినా అతివేగం అంటూ ఫోన్‌కు ఈ-చలాన్ వచ్చింది. కెమెరాలోనే తప్పుందని చాలామంది అనుకుంటారు. ఆ మాట అనే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. బండికి కంపెనీ ఇచ్చిన చక్రాలు, టైర్లే ఉన్నాయా? స్పీడ్ గన్ బండి అసలు వేగాన్ని కొలుస్తుంది. మీ మీటర్ ఏం చూపిందో దానికి అనవసరం.

మీటర్ వేగాన్ని ఎలా లెక్కిస్తుంది?

మీటర్ రోడ్డును కొలవదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది. ఒక్క చుట్టుకు బండి ఎంత దూరం వెళ్తుందో తయారీ సమయంలోనే కంపెనీ ఖాయం చేస్తుంది. తర్వాత మనం పెద్ద చక్రం వేస్తే ఒక్క చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది, కానీ మీటర్ పాత లెక్కే పట్టుకుని కూర్చుంటుంది. అందుకే వేగం తక్కువ చూపిస్తుంది. చిన్న చక్రం వేస్తే ఎక్కువ చూపిస్తుంది.

ఎంత తేడా వస్తుంది?

టైరు పక్క గోడ మీద 90/90-19 లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు. రెండోది ఆ వెడల్పులో టైరు ఎత్తు ఎంత శాతమో చెబుతుంది. చివరిది రిమ్ సైజు, అంగుళాల్లో. ఈ లెక్కన 90/90-19 టైరు చుట్టుకొలత సుమారు 2,025 మి.మీ. దాని స్థానంలో 17 అంగుళాల అల్లాయ్ వేసి 110/70-17 టైరు ఎక్కిస్తే చుట్టుకొలత 1,840 మి.మీ.కు పడిపోతుంది. మీటర్ 60 చూపినప్పుడు బండి అసలు వేగం 54.5 మాత్రమే.

దీన్నే తిరగేసి చూడండి. 17 తీసి 19 వేస్తే మీటర్ 60 అంటున్నప్పుడు బండి 66లో పోతుంటుంది. చలాన్ వచ్చేదీ, బ్రేక్ వేసినప్పుడు అనుకున్న దూరంలో బండి ఆగనిదీ ఇక్కడే. కేంద్రం 2018లో మోటార్‌సైకిళ్లకు పెట్టిన గరిష్ఠ పరిమితి నాలుగు వరుసల రోడ్ల మీద 80, పట్టణాల్లో 60 కి.మీ. రాష్ట్రాలు, స్థానిక అధికారులు ఇంకా తగ్గించవచ్చు.

రిమ్ మార్చకుండా లావు టైరు వేసినా తేడా వస్తుంది, కానీ తక్కువే. 80/100-17 తీసి 100/90-17 వేస్తే దాదాపు 3 శాతం. మీటర్లు మామూలుగా అసలు వేగం కన్నా కాస్త ఎక్కువే చూపేలా తయారవుతాయి కాబట్టి ఈ మాత్రం తేడా అందులో కలిసిపోవచ్చు.

ఏ చక్రం మార్చినా ఇంతేనా?

కాదు. కేబుల్ మీటర్ ఉన్న చాలా బండ్లలో లెక్క ముందు చక్రం హబ్ నుంచి వస్తుంది. వాటిలో వెనక చక్రం మార్చినా మీటర్ మారదు. కొన్నింటిలో గేర్‌బాక్స్ దగ్గర సెన్సర్ ఉంటుంది. అక్కడ వెనక చక్రం మార్చినా, చైన్ స్ప్రాకెట్ పళ్ల సంఖ్య మార్చినా లెక్క తప్పుతుంది. ఏబీఎస్ బండ్లలో చక్రం దగ్గరి సెన్సరే మీటర్‌కూ సంకేతం ఇవ్వవచ్చు.

ఇంట్లోనే ఎలా చూసుకోవాలి?

జీపీఎస్ యాప్‌తో పోల్చడం తేలిక. అది కాకపోతే హైవే కిలోమీటర్ రాళ్లున్నాయి. రద్దీ లేని వేళ మీటర్ 60 దగ్గర నిలకడగా ఉంచి, వెనక కూర్చున్నవాళ్లతో టైం చూడమనండి. ఐదు కిలోమీటర్లకు సరిగ్గా ఐదు నిమిషాలు పట్టాలి. ఐదున్నర పడితే అసలు వేగం 54.5. ఐదు నిమిషాల కన్నా ముందే చేరితే మీటర్ వేగాన్ని తక్కువ చూపుతున్నట్టు.

సరిచేయించడం ఎలా?

కేబుల్ మీటర్ అయితే కొత్త చక్రం సైజుకు సరిపోయే మీటర్ గేర్ హబ్‌లో వేయించాలి. డిజిటల్ మీటర్లలో కొన్నింటికి చక్రం చుట్టుకొలత మార్చుకునే సెట్టింగ్ ఉంటుంది. అది లేకపోతే సెన్సర్‌కూ మీటర్‌కూ మధ్య సంకేతాన్ని సరిదిద్దే చిన్న పరికరం పెడతారు. ఏబీఎస్ ఉన్న బండికి ఈ పని రోడ్డు పక్క మెకానిక్‌తో చేయించకండి. ఏబీఎస్ చక్రాల వేగాన్ని చూసే బ్రేకును నియంత్రిస్తుంది. ఆ వైర్లలో వేలు పెడితే మీటర్ సరైనా బ్రేక్ దెబ్బతినే ప్రమాదం ఉంది.

చట్టం ఏమంటోంది?

అసలు చిక్కు ఇక్కడుంది. మీటర్‌ను సరిచేసినంత మాత్రాన చక్రం మార్పు చట్టబద్ధం కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు చెప్పినవాటికి తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన సెక్షన్ 182ఏ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. కాబట్టి యజమాని పుస్తకంలో ఉన్న సైజులకే పరిమితం కావడం మేలు. అంతకు మించి వెళ్లాలంటే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడగండి. బీమా సంస్థకూ రాతపూర్వకంగా చెప్పండి. ప్రమాదం జరిగాక బయటపడితే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

పాత బండి కొనేవాళ్లు ఏం చూడాలి?

వేగంతో పాటు తిరిగిన కిలోమీటర్ల లెక్కా తప్పుతుంది. పై ఉదాహరణలో 19 తీసి 17 వేసిన బండి 10,000 కి.మీ. తిరిగితే మీటర్ 11,000 చూపుతుంది. దాన్ని తిరగేస్తే 11,000 తిరిగిన బండి 10,000 మాత్రమే చూపుతుంది. నష్టపోయేది కొన్నవాళ్లే. బేరం మొదలుపెట్టే ముందు వంగి టైరు మీది అంకెలు చదవండి. పుస్తకంలోని సైజుతో అవి కలవకపోతే, మీటర్ మీది కిలోమీటర్లను నమ్మి ధర కట్టకండి.