ఎర్ర అంగీ వెనుక సరిహద్దు సైనికుడు

పాత ఆస్ట్రియా చిత్రపటములలో ఎర్రని పై అంగీ, నడుమున కత్తి, చేత పొడవాటి తుపాకి గల మీసాల మనిషి కనిపించిన చాలును, "సరిహద్దు సైనికుడు" అని పేరు పెట్టువారు నేటికిని పెక్కుమంది కలరు. చిత్రకారుడు చూచి వ్రాసినాడు గదా, ఇంక సందేహమెందుకని వారి వాదము. వాదము సుఖమైనదే గాని నిలుచునది కాదు.

సరిహద్దు సైనికుడనగా ఎవడు? తురుష్క సామ్రాజ్యపు పొలిమేర పొడుగున ఏర్పడిన సైనిక మండలమున భూమి దున్నుకొను రైతు. ఆ భూమికి అతడు చెల్లించినది సైనిక సేవ. 1807 నాటి శాసనము ఈ కట్టుబాటును స్థిరపరచినది. మండలమున మిగిలిన భాగము 1881లో క్రొయేషియాలో కలియుటతో ఆ వ్యవస్థ అంతరించినది. నెపోలియను యుద్ధముల చివరినాళ్లలో ఇతని కోటు ముదురు గోధుమరంగుది. బిగుతైన హంగేరీ లాగు నీలిరంగుది. తోలు పటకాలు నల్లనివి. చిత్రకారుని కుంచెకు ఉత్సాహము కలిగించు వేషము కాదు.

ఎర్ర అంగీ సెరెజానులది. వారు సరిహద్దు రెజిమెంటులకు అనుబంధముగా నుండిన చిన్న దళములవారు. 1741లో ట్రెంక్ సమకూర్చిన పాండూరులు వేరు. ఈ మువ్వురిని ఒక్క అంగీ క్రింద కప్పివేయుట పాండిత్యమా? 1848లో బాన్ యెలాచిచ్ సేన వియన్నా ముట్టడికి వచ్చినప్పుడు పురజనుల కన్నులకు కట్టినది ఆ ఎరుపే. ముద్రాచిత్రము లమ్మువారికి అంతకన్న ఏమి కావలెను? నాగలి విడిచి, ఇటలీలో ప్రాణములొడ్డిన గోధుమ కోటువాడు పటములోనుండి జారిపోయినాడు. ఆటవికుడొకడు ఆ చోటున నిలిచినాడు.

ఆయుధముల సంగతి ఇంకను విచిత్రము. ఈ సైన్యపు గురికాండ్రకు 1768 నమూనా జంట గొట్టముల తుపాకి ఉండెడిది. ఒకదానిపై నొకటిగా నున్న ఆ గొట్టములలో ఒకటి నునుపు, ఒకటి లోపల మరలు కోసినది. బరువెక్కువ గనుక ఈటెపై ఆనించి కాల్చెడివారు. చిత్రములో ఈటె కనిపించగానే "ఆదిమ ఆయుధము" అని వ్రాయువారికి ఏమని చెప్పవలెను? మరియు తుపాకి వెనుక భాగము చూడవలెను. 1809 యుద్ధ చిత్రములో చెకుముకిరాయిని కరచిపట్టు దవడ లేకున్న, ఆ తుపాకి చిత్రకారుని కాలపుది. చెకుముకిరాయి లేని ఆగుస్టిన్ తుపాకి 1840 తరువాతిది, లొరెంజ్ తుపాకి 1854 నాటిది.

చిత్రములన్నియు త్రోసివేయదగినవని కాదు. 1848లో రాడెట్‌స్కీ సేన వెంట ఇటలీలో నున్న ఆల్బ్రెఖ్ట్ ఆడం మాట వేరు. దుమ్ముపట్టిన కోటు ఎట్లు వ్రేలాడునో ఏ సైనిక నిబంధనలును చెప్పవు, అతని కన్ను చెప్పగలదు. కాని ఒట్టెన్‌ఫెల్డ్ జన్మించినది 1856లో. ఆస్ట్రియా సైన్యముపై అతని చిత్రములతో గ్రంథము వెలువడినది 1895లో. శ్రద్ధకు కొరత లేదు. అయినను అది పరిశోధకుని పని, కంటితో చూచినవాని సాక్ష్యము కాదు. పట్టికలలో రెంటికి ఒకే విలువ కట్టుచున్నారు.

ఇక రంగులు. రెండేసి రెజిమెంటులకు కాలరు రంగు ఒక్కటే. భేదము బటనులో, పసుపు లేక తెలుపు. నూరేండ్ల వార్నిషు క్రింద తెలుపు పసుపగును, ఊదా గోధుమకు తిరుగును. బటను చూచి రెజిమెంటు సంఖ్య చెప్పువారు మొదట ఆ వార్నిషును తుడిపించి చూచినారా?